రెండో సిలిండరు

2015 డిసెంబరు 2వ తేదీ ఉదయం చెన్నైలో 'హిందూ' పత్రిక రాలేదు. చెన్నైవారికి హిందూ రాకపోవడమంటే ఏమిటో అక్కడ నాలుగు రోజులు కాపురం వున్నవారికి చెప్పనక్కర్లేదు. కాఫీ చల్లారిపోతుంది గాని గుక్క దిగదు. 1878లో పుట్టిన పత్రిక అది. రెండు ప్రపంచ యుద్ధాలు చూసింది. సెలవు రోజులు మినహాయిస్తే చెన్నైలో అది అచ్చుకాని రోజు అదే మొదటిదని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు.

విలేఖరులు వార్తలు రాయలేదా అంటే రాశారు. సంపాదకులు దిద్దలేదా అంటే దిద్దారు. కాని అచ్చు యంత్రాలు ఊరికి ముప్ఫై కిలోమీటర్ల అవతల మరైమలైనగర్‌లో వున్నాయి. వాటిని నడిపే మనుషులు వరద దాటుకుని అక్కడికి చేరలేకపోయారు. అంతే. యంత్రానికి బీమా వుంటుంది, కాగితానికి గోడౌను వుంటుంది. మనిషి డ్యూటీకి వెళ్ళే రోడ్డు మునిగిపోతే ఏం చెయ్యాలన్నది మాత్రం ఏ బీమా పత్రంలోనూ రాసి వుండదు.

ఈ సంగతి ఇప్పుడెందుకు ఎత్తుకున్నానంటే, కాకినాడ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "మా పెద్దల్లుడు హైదరాబాదులో ఒక కంపెనీలో పని చేస్తున్నాడు. పనేమిటి బాబూ అని అడిగితే డిజాస్టర్ రికవరీ అంటాడు. ఇరుగుపొరుగువాళ్ళు అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. మొన్న మా ఆడపడుచు, 'డిజాస్టరంటే ఉపద్రవం కదా వదినా, అది వస్తేగాని మీ అల్లుడికి పని వుండదా?' అని అందరి ముందూ అడిగింది. మీరైనా కాస్త విడమరిచి చెప్పండి" అని.

అమ్మా, ఆ పని మీరు కాపురానికి వచ్చిన నాటి నుంచీ చేస్తున్నారు. మీ వంటింట్లో గ్యాసు సిలిండర్లు ఎన్ని? రెండు. ఒకటి పొయ్యి కింద, ఒకటి మూలన. చుట్టాలు వచ్చిన పూట పప్పు సగం ఉడికి మంట ఆరిపోతే, మీరు నెత్తిన చేతులు పెట్టుకుని కూచోరు. రెండోది తగిలిస్తారు. అంతేకాదు, ఆ పూటే ఫోను చేసి ఖాళీదానికి బదులు బుక్ చేస్తారు. మీ అల్లుడి కంపెనీ కూడా అదే చేస్తుంది. మంట ఆరినా చుట్టాలకు భోజనం ఆగకుండా చూడడాన్ని వాళ్ళు బిజినెస్ కంటిన్యుయిటీ అంటారు. ఆరిన పొయ్యిని తిరిగి వెలిగించడం డిజాస్టర్ రికవరీ. ఈ రెండూ ఒకటి కావు. చాలా ఆఫీసుల్లో రెండోదానికి డబ్బు ఖర్చు పెట్టి మొదటిదాన్ని మరిచిపోతారు. కంప్యూటర్లు మూడు గంటల్లో లేచి కూచుంటాయి గాని, ఆ మూడు గంటలూ కౌంటరు ముందు నిలబడ్డ జనానికి ఏం చెప్పాలో ఎవరికీ తెలియదు.

సంస్థ ఏదైనా ఈ పని చేసేవారు మొదట వేసుకునే ప్రశ్నలు రెండే. ఈ పని ఎంతసేపు ఆగితే ఓర్చుకోగలం? ఎంత పోతే ఓర్చుకోగలం? మీ అల్లుడు ఆర్టీవో అన్నప్పుడల్లా మీరు డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ఆఫీసు అనుకుని వుంటారు. కాదు, అది మొదటి ప్రశ్న. ఆర్‌పీవో అన్నది రెండోది. ఇంట్లో పెద్దలకు ఒక పూట వంట ఆలస్యమైనా ఫరవాలేదు, పసిపిల్ల పాలకు పది నిమిషాలు కూడా ఆగలేం. అలాగే బాంకిలో ఉద్యోగుల కాంటీను వారం రోజులు మూసినా కొంప మునగదు. కాని మీరు పదకొండు గంటలకు పదివేలు కట్టి వచ్చారు. పదకొండూ అయిదుకి కంప్యూటరు చెడిపోయింది. నిన్న రాత్రి తీసిన నకలుతో మళ్ళీ నడిపించారు. అప్పుడు మీ చేతిలో ముద్ర వేసిన రసీదు వుంటుంది, బాంకి లెక్కలో మీ డబ్బు వుండదు. కనుక బాంకివాళ్ళు రాత్రి నకలుతో సరిపెట్టుకోరు. మీరు కట్టిన క్షణంలోనే ఆ లెక్క రెండుచోట్ల పడేటట్టు చూస్తారు. దీనికి ఖర్చు చాలా అవుతుంది. అందుకే అన్నిటికీ అలా చెయ్యరు. ఏది పసిపిల్ల పాలో, ఏది పెద్దల ఫలహారమో తేల్చుకోవడమే ఈ విద్యలో సగం. కంపెనీలో ప్రతి శాఖాధిపతీ తనదే పసిపిల్ల పాలంటాడు. మీ అల్లుడికి తలనొప్పి అక్కడ వస్తుంది.

ఇక నకలు ఎక్కడ పెట్టాలన్నది. ఇంటి దస్తావేజులకు నకళ్ళు తీయించి, అసలుతో పాటు అదే బీరువాలో అదే కవరులో పెట్టేవాళ్ళు మనలో ఎందరో వున్నారు. చెదపురుగుకి అసలూ నకలూ తేడా తెలియదు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ కంప్యూటర్ల భవనం ఒకటి తగలబడిపోయింది. ఎందరి వ్యాపారాలో అందులో వున్నాయి. నకళ్ళు తీయించామని ధీమాగా వున్న కొందరికి, ఆ నకళ్ళు కూడా ఆ ఆవరణలోనే వున్నాయని నిప్పు ఆరాక తెలిసింది.

అది ప్రైవేటు కంపెనీ సంగతి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో ప్రభుత్వానికే ఈ గతి పట్టింది. డేజియాన్ నగరంలో ప్రభుత్వ కంప్యూటర్లు వున్న భవనంలో లిథియం బాటరీలు అంటుకున్నాయి. ఆరువందలకు పైగా ప్రభుత్వ సేవలు ఒక్క దెబ్బతో ఆగిపోయాయి. అన్నిటికన్నా విచారం ఏమిటంటే, ఉద్యోగులు తమ దస్త్రాలు దాచుకునే జీ-డ్రైవ్ అనే భాండారం ఒకటి వుండేది. 858 టెరాబైట్లు. అది కాలిపోయింది. బయట నకలు లేదు. ఎందుకు లేదయ్యా అంటే, మరీ పెద్దది కనుక తీయలేదన్నారు. వంట ఎక్కువైంది కనుక గిన్నె మీద మూత పెట్టలేదన్నట్టుంది ఈ మాట. ప్రపంచంలో ఇంటర్నెట్టుకి పేరుపడ్డ దేశం అది!

నకలు దూరాన వుంటే చాలునా అంటే అదీ చాలదు. మేర్స్క్ అని డెన్మార్కు దేశపు ఓడల కంపెనీ. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే వైరసు ఉక్రెయిన్‌లో మొదలై, వాళ్ళ కంప్యూటర్లలోకి దూరింది. ఆ కంపెనీకి ఎవరు ఎవరో గుర్తుపట్టి లోపలికి రానిచ్చే ముఖ్యమైన సర్వర్లు ప్రపంచమంతటా సుమారు నూటయాభై వుండేవి. ఇంటికి తాళపుచెవులగుత్తి లాంటివి అవి. ఒకదాని నకలు ఒకటి. ఒకటి పోతే మిగతావి వున్నాయి కదా అని నిశ్చింతగా వున్నారు. కాని అన్నీ ఒకదానితో ఒకటి కలిపి వుండడంతో, వైరసు అన్నిటినీ ఒకేసారి తుడిచిపెట్టింది. ఒకే కంచంలో తిన్నవారికి ఒకే జబ్బు వచ్చినట్టు.

అన్నీ పోయాయనుకుని ఇంగ్లండులో ఇంజనీర్లు ప్రపంచంలోని తమ ఆఫీసులన్నిటికీ వరసపెట్టి ఫోన్లు చేస్తూ కూచున్నారు. చివరకు ఆఫ్రికాలో ఘానా దేశంలో ఒక్కటి బతికి వుందని తెలిసింది. ఎలా బతికిందనుకున్నారు? వైరసు వచ్చిన వేళకు అక్కడ కరెంటు పోయింది! కరెంటు కోత మనిషికి మేలు చెయ్యడం నేను విన్నంతలో ఇదొక్కసారే. అక్కడి నుంచి వైరు మీద తెప్పించుకుందామంటే ఎన్నో రోజులు పట్టేటట్టుంది. మనిషితో పంపిద్దామంటే ఘానా ఉద్యోగులకు ఇంగ్లండు వీసా లేదు. అప్పుడు ఒకాయన ఆ డిస్కు పట్టుకుని విమానంలో నైజీరియా వెళ్ళి, అక్కడి విమానాశ్రయంలో ఇంకో ఉద్యోగి చేతికి అప్పగిస్తే, ఆయన దాన్ని లండను చేర్చాడు. నాలుగువేల సర్వర్లు, నలభైఅయిదువేల కంప్యూటర్లు పది రోజుల్లో మళ్ళీ మొదటినుంచి పేర్చుకున్నామని కంపెనీ అధ్యక్షుడు తర్వాత దావోస్‌లో చెప్పాడు. ఆ పది రోజులూ ప్రపంచపు సరుకులో పెద్ద భాగాన్ని మోసే ఓడలు, కాగితాల మీదా ఫోన్ల మీదా నడిచాయి. కనుక మీ అల్లుడు, 'ఒక నకలు దేనితోనూ కలపకుండా విడిగా పెట్టాం' అని చెబితే అది చాదస్తం అనుకోకండి. ఘానాలో కాకతాళీయంగా జరిగినదాన్ని అతను కావాలని చేస్తున్నాడు.

మన హైదరాబాదు సంగతి కూడా చెప్పాలి. సముద్రానికి దూరం, తుఫాను నేరుగా తాకదు. దక్కను రాతినేల మీద వుంది కనుక భూకంప భయం తక్కువ. ఏ ఊళ్ళోనో పనిచేసే సంస్థలు తమ రెండో సిలిండరు తెచ్చి ఈ ఊళ్ళో పెట్టుకోవడానికి ఇదొక కారణం. మొదటి చోటుకీ రెండో చోటుకీ ఒకే ఆపద ఒకే రోజున రాకూడదన్నది సూత్రం. వియ్యాలవారు ఒకే వీధిలో వుండకూడదని మా పెద్దలు అనేవారు. దాని కారణాలు వేరనుకోండి.

కరెంటు మాట వచ్చింది కనుక ఇది కూడా వినండి. 2012 అక్టోబరు 29 రాత్రి శాండీ అనే తుఫాను న్యూయార్కు మీద పడింది. అక్కడ బెల్వ్యూ అని పెద్ద ధర్మాసుపత్రి. జనరేటర్లు నీళ్ళలో మునగకుండా బుద్ధిగా పదమూడో అంతస్తులో పెట్టుకున్నారు. కాని వాటికి నూనె ఎక్కించే పంపులు మాత్రం నేలమాళిగలో వున్నాయి. నీళ్ళు అక్కడికే వచ్చాయి. పైన జనరేటరు తిరుగుతోంది, కింద పంపు మునిగింది, మధ్యన ఆక్సిజన్ పెట్టుకున్న రోగులు. అప్పుడు ఉద్యోగులూ సైనికులూ మెట్ల మీద వరసగా నిలబడి, డబ్బాలతో నూనె చేతికి చేయి అందించుకుంటూ పదమూడు అంతస్తులూ ఎక్కించారు. ఆ రాత్రి జనరేటర్లను అలాగే నడిపించారు. ఆ తర్వాత ఏడువందలకు పైగా రోగులను వేరే చోట్లకు తరలించవలసి వచ్చింది. ఆ దగ్గరలోనే వున్న ఎన్‌వైయూ ఆసుపత్రిలో అంత వ్యవధి కూడా లేకపోయింది. నర్సులు పసికందులను గుండెకు హత్తుకుని, చేత్తోనే గాలి ఊదుతూ చీకటి మెట్లు దిగారు. ఆ జనరేటర్లు కొన్నప్పుడు ఎవరో ఒకరు కాగితం మీద సంతకం పెట్టే వుంటారు, 'అత్యవసర విద్యుత్తు: వున్నది' అని.

మన విశాఖపట్నంలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు చూశాం కదా. సెల్‌ఫోను టవర్లు కొన్ని గంటలు బాటరీ మీద బతుకుతాయి. తర్వాత డీజిలు కావాలి. డీజిలు బండి రావాలంటే రోడ్డు మీద పడిన చెట్లు కొట్టాలి. చెట్లు కొట్టేవాళ్ళను పిలవాలంటే ఫోను పనిచెయ్యాలి! విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. ఏటీఎంలలో డబ్బు వున్నా తీసుకునే దారి లేదు. జేబులో కార్డులు నాలుగున్నవాడికన్నా, పోపులపెట్టెలో అయిదొందల నోటు దాచిన ఇల్లాలు ఆ వారం భాగ్యవంతురాలు.

ఇంకొక రకం ఉపద్రవం వుంది. దానికి గాలీ వానా అక్కర్లేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ, కంప్యూటర్లకు కాపలా కాసే తన సాఫ్ట్‌వేరులో ఒక చిన్న మార్పు పంపింది. ఆ మార్పులో తప్పుంది. ప్రపంచంలో దాదాపు 85 లక్షల కంప్యూటర్లు నీలితెర వేసుకుని మొరాయించాయి. కాపలాదారే తలుపుకి అడ్డంగా పడుకున్నాడన్నమాట. ఆ రోజున హైదరాబాదు విమానాశ్రయంలో ఇండిగోవాళ్ళు బోర్డింగ్ పాసులు బాల్‌పెన్నుతో రాసి ఇచ్చారు. చాలామంది నవ్వుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. నాకు మాత్రం ఆ కౌంటరు మీద ఖాళీ చీటీలు సిద్ధంగా దొరకడం గొప్పగా తోచింది. ఎవరో ముందుగా ఆలోచించి అచ్చువేయించి అక్కడ పెట్టి వుంచారు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు చేత్తో రాయడం నేర్పి వుంచారు. మీ ఆఫీసులో రేపు కంప్యూటరు లేచిరాకపోతే రసీదు పుస్తకం ఎక్కడుందో ఎవరికైనా తెలుసా? 'అది మా పెద్ద గుమాస్తాగారికే తెలుసండీ, ఆయన కూతురి పురిటికి వెళ్ళారు' అన్న జవాబు వస్తే, ఆ ఆఫీసుకి తుఫాను అక్కర్లేదు.

పథకం రాయడం సులభం. నలభై పేజీలు రాయించి, అట్ట వేయించి, డైరెక్టరుగారి బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పరీక్షించి చూసేవాళ్ళే తక్కువ. 2021 ఫిబ్రవరి 24న బొంబాయి నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉదయం 11.40కి వ్యాపారం ఆగి మధ్యాహ్నం 3.45కి గాని తెరుచుకోలేదు. వాళ్ళకు వేరే ఊళ్ళో రెండో ఏర్పాటు లేకపోలేదు. వుండి కూడా ఆ పూట దానికి మారలేదు. ఆ తర్వాత నెలలోనే సెబీ నియమాలు గట్టిపరిచింది: ముఖ్యమైన పని ఆగితే అరగంటలో ఉపద్రవమని ప్రకటించాలి, అక్కడినుంచి ముప్పావుగంటలో రెండోచోటికి మారాలి. ఈ నియమంలో నాకు నచ్చింది మొదటి అరగంట. 'ఇప్పుడే బాగవుతుంది, ఇంకో పది నిమిషాలు చూద్దాం' అనే ఆశ వుంది చూశారూ, దాని మీద వేసిన సంకెల అది. 2024 మార్చి 2న, శనివారం నాడు, ప్రత్యేకంగా బజారు తెరిచి, వ్యాపారాన్ని మధ్యలో రెండోచోటికి మార్చి, నిజం డబ్బుతో నడిపి చూశారు. సెలవు రోజు కూడా మీ అల్లుడు ఆఫీసుకి ఎందుకు వెళుతున్నాడని మీ అమ్మాయి సణుగుతుంటే ఈ మాట చెప్పండి.

ఈ విషయంలో నేను చేతులెత్తి దండం పెట్టేది రిక్ రెస్కోర్లా అనే ఆయనకు. న్యూయార్కు జంట భవనాల్లో మోర్గన్ స్టాన్లీ కంపెనీకి భద్రతాధికారి. 1993లో అక్కడ బాంబు పేలినప్పటి నుంచి, పెద్ద పెద్ద ఆఫీసర్లు విసుక్కుంటున్నా వినకుండా, ఉద్యోగులందరి చేతా మెట్లు దిగించి అభ్యాసం చేయించేవాడు. 2001 సెప్టెంబరు 11న పక్క భవనం మీద విమానం పడ్డప్పుడు, 'మీ భవనానికి భయం లేదు, ఎక్కడివాళ్ళక్కడ వుండండి' అని మైకులో చెప్పారు. ఆయన వినలేదు. తనవాళ్ళను దించేశాడు. దాదాపు 2700 మందిలో అతి కొద్దిమంది తప్ప అందరూ బతికారు. మిగిలినవాళ్ళ కోసం మళ్ళీ పైకి వెళ్ళి ఆయన తిరిగి రాలేదు.

ఇవన్నీ పెద్ద కంపెనీల కథలు, మాకెందుకు అనుకునేవారి కోసం చిన్న దుకాణం మాట చెబుతాను. నాకు వరసకు తమ్ముడయ్యే ఒకాయనకు విజయవాడ అజిత్‌సింగ్ నగర్లో కిరాణా కొట్టు వుంది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు పొంగి ఆ పేటలన్నీ ముంచింది. మర్నాటికి ప్రకాశం బరాజు దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆయన కొట్లో బియ్యం, పప్పులు, పంచదార అన్నీ బురదలో కలిశాయి. అరువు పుస్తకం ఉబ్బి ముద్దయింది. జెల్ పెన్ను సిరా, పేజీ కూడా మిగల్లేదు.

ఇంటర్ చదివే ఆయన కూతురికి ఒక అలవాటు వుంది. ప్రతి ఆదివారం రాత్రి ఆ పుస్తకం పేజీలు సెల్‌ఫోనుతో ఫొటోలు తీసి, హైదరాబాదులో వున్న అన్నకు పంపేది. 'దీనికి పెద్ద కలెక్టరు కచేరీ అయినట్టు' అని తండ్రి వేళాకోళం చేసేవాడు. వరద తగ్గాక కొడుకు ఆ ఫొటోలన్నీ కాగితాల మీద తీయించి పట్టుకొచ్చాడు. ఆగస్టు 25 దాకా లెక్క వుంది. తర్వాతి వారం లేదు. పైన చెప్పిన రెండో ప్రశ్నకు ఆ ఇంటి జవాబు వారం రోజులన్నమాట.

ఆ కాగితాలు చూపిస్తే గొల్లపూడి హోల్‌సేల్ షావుకారు మళ్ళీ సరుకు అరువిచ్చాడు. వీడికి రావలసింది ఇంత వుంది, వీడు పారిపోడు అని ఆయనకు నమ్మకం కలిగింది. కొట్టు కడిగి, గోడలు ఆరేదాకా మా తమ్ముడు ఊరికే కూచోలేదు. రోడ్డు మీద తోపుడుబండి పెట్టి కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, పాలపాకెట్లు అమ్మాడు. పోయిన వారం పద్దులు ఎలా రాబట్టావని అడిగాను. "నేనేం అడగలేదన్నయ్యా, వాళ్ళే చెప్పారు. ఇద్దరు ముగ్గురు నాకు గుర్తున్నదానికన్నా ఎక్కువే చెప్పారు" అన్నాడు. చెప్పనివాళ్ళు కూడా వుండే వుంటారు. వాళ్ళ సంగతి ఆయన ఎత్తలేదు.

కాని చిక్కు ఇంకొకటి వుంది. ఆ పుస్తకంలో బాకీవున్న ప్రతి ఇల్లూ అదే నీళ్ళలో మునిగింది. లెక్క దక్కింది గాని వసూలు చెయ్యడానికి మొహం చెల్లాలి కదా. దీపావళి దాకా ఎవరినీ అడగలేదట. తర్వాత తలా కొంచెం ఇచ్చారు. ఆ మధ్య వెళ్ళినప్పుడు ఆ కాగితాలు చూశాను. గట్టి అట్ట వేసి కుట్టించి గల్లాపెట్టె పైన అరలో పెట్టాడు. తిరగేస్తుంటే మూడు పేర్ల ఎదురుగా బాకీ మొత్తం అడ్డంగా కొట్టేసి వుంది. కట్టేశారా అని అడిగితే, "మీరు కాఫీ తాగుతారా, టీ పెట్టించనా?" అన్నాడు.